నాయన అడిగిన దేశం

నాయన పోయినప్పుడు మగ్గం మీద చీర సగం నేసి ఉంది. ఆవపువ్వు రంగు నూలు, చిక్కటి ఎరుపు పట్టు అంచు. అయిజలో ఒక రైతు ఇంటి పెళ్లికని మొదలుపెట్టాడు. మధ్యలో జ్వరం వచ్చి పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. ఆ పెళ్లి ఇంకేదో చీరతో జరిగిపోయింది.

గద్వాలలో మా వీధికి ఒక పద్ధతి ఉండేది. నేసే మనిషి పోతే ఆయన మగ్గం మీది బట్టను కత్తిరించేవారు కాదు. ఏడాది మాసికం అయ్యేదాకా పాత దుప్పటి కప్పి అలాగే ఉంచేవారు. ఆ తర్వాత కొడుకో తమ్ముడో మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో దిగి, మిగిలింది నేసి దించాలి. దించినవాడిదే ఆ మగ్గం. నేను ఒక్కడినే కొడుకును. నన్ను చిన్నప్పుడే ఉర్దూ బడికి పంపారు. అప్పటికి వనపర్తిలో పంతులుగా ఉన్నాను, నాకు నేత రాదు. కాబట్టి మగ్గం చిన్నాయనకు పోవాలి. అందులో ఎవరికీ అనుమానం లేదు, అమ్మకు తప్ప.

గద్వాల చీర ఒక్కరి చేతిలో తయారయ్యేది కాదు. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరే పడుగులు, వాటికి పేకలు కూడా వేరే. గుంటలో కూర్చున్న మనిషి పేక దారం నడిపే రెండు నాడెలు చూసుకుంటే, కుడి అంచు నాడె వేయడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. నాయన పక్కన ఆ చోట అమ్మే కూర్చునేది. కాపురానికి వచ్చిన కొత్తలో మొదలుపెట్టింది. నూలు చుట్టడం, గంజి పెట్టడం, తెగిన పోగులు కట్టడం అన్నీ ఆమె పనులే. గుంటలోకి మాత్రం దిగేది కాదు. మా వీధిలో ఆడవాళ్లెవరూ దిగేవారు కాదు. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మాసికం అయిన వారానికి చిన్నాయన వచ్చాడు. మగ్గం మీది దుప్పటి పక్కకు తీసి, పడుగు వేలితో నొక్కి చూసి, మళ్లీ కప్పాడు.

"పోగు సదలలేదు వదినె. అమాస పోంగనే కూసుంట. దించినంక మా ఇంటికి మోపిస్త."

"శివరాత్రి దాంక ఆగయ్యా," అంది అమ్మ.

"ఎందుకు?"

"నేపాళం పోతున్న. ఒచ్చినంక సూద్దాం."

ఆ మాట నేను కూడా అదే మొదటిసారి వినడం. చిన్నాయన నా మొహం చూశాడు. నేను అమ్మ మొహం చూశాను.

"నేపాళమా? శ్రీశైలం పో వదినె. మన పక్కనే ఉన్నడు గద శివుడు."

"శ్రీశైలం సూసిన. నేపాళం సూడలే."

నేపాళం మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. సెలవుల్లో గద్వాల వచ్చినప్పుడు నేను నాయన మగ్గం పక్కన కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపించేవాడిని. ఒకసారి ఒక ఉర్దూ పత్రికలో ఎవరో యాత్రికుడు నేపాళం గురించి రాసింది దొరికింది. బయటివాళ్లను ఆ దేశంలోకి మామూలుగా రానివ్వరని, శివరాత్రికి మాత్రం పశుపతినాథుని దర్శనానికి వదులుతారని, కొండలు కాలినడకన దాటాలని అందులో ఉంది. నాయన నాడె ఆపకుండా విని, చివర్లో అడగడం మొదలుపెట్టాడు. అంత చలిలో వాళ్లు ఏ బట్ట కడతారు? నూలా, ఉన్నియా? అక్కడ నేసేవాళ్లున్నారా? పత్తి ఎక్కడినుంచి వస్తది? మంచుకొండ మీద ఎండ పడితే చూసేవాళ్ల కళ్లు మండవా? ఆ యాత్రికుడు గుళ్ల గురించి, రాజుగారి కోటల గురించి రాశాడు గానీ ఇవేమీ రాయలేదు. "రాసినాయన బట్ట కట్టుకోలేదా ఏంది?" అన్నాడు నాయన. అమ్మ కుడి పక్కనుంచి నవ్వింది.

అందుకే రైల్లో కూర్చున్నాక నేను అడిగాను. "అమ్మా, దేవుని కోసమేనా?"

"దేవుడు ఉండనే ఉన్నడు. మీ నాయన అడిగినయి సూసొద్దామని. అంత దూరం పోయి బట్ట సూడకుండ వచ్చినోడు రాసిండు గద అది."

ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. ముందు రోజు మూటలు కడుతూ అంది. "మగ్గం పోతే ఆ అర్రల నేనేం జెయ్యాలె? గోడ సూసుకుంట కూసోవాల్నా?" నేను వనపర్తికి రమ్మన్నాను. "ఆడ సుత గోడలే గద ఉండేది," అంది.

చేతులు ఖాళీగా ఉండాలని అమ్మ రెండు మూటలూ వీపుకు కట్టుకునేలా కుట్టింది. మందపాటి పాత దుప్పటి, భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలు. పత్తి ఏరే ఆడవాళ్లు ఒడి కట్టుకునే తీరును కాస్త వెనక్కి తిప్పింది. నా మూటలో జొన్న అటుకులు, కంబళి, రెండు పుస్తకాలు. ఆమె మూటలో ఏముందో చెప్పలేదు. తర్వాత చూస్తే, ఎక్కువ భాగం నూలు ముక్కలు. గద్వాల నూలు, పట్టు, రంగు రంగులవి. "చూపించి అడగడానికి," అంది. ఆమెకు హిందుస్తానీ రాదు.

రక్సౌల్ దాటి చిన్న రైలు, అది ఆగిపోయిన చోట లారీ. లారీ ఆగిపోయిన చోట భీమ్‌ఫేడి అనే ఊరు, దాని వెనకనే నిటారుగా కొండ. దారి కొండను చుట్టి వెళ్లకుండా నేరుగా పైకే ఎక్కుతుంది. పైన ఒక గఢీ, సిపాయిలు, చీటీలు చూసే గుమస్తా. అమ్మ కిందినుంచి పైకి చూసి, "ఖిల్లా ఘణపురం గుట్ట అంత లేదు," అంది. సగం ఎక్కాక కూర్చుని, "ఉన్నది," అంది.

అక్కడ బరువులు మోసేవాళ్లు బుట్టను వీపుకు ఆనించి, దాని తాడును నుదుటి మీదుగా వేసుకుని మోస్తారు. బరువంతా నుదురు మీదే. అమ్మకు ఆ తాడు నచ్చింది. నుదుటి దగ్గర వెడల్పుగా పట్టీలా అల్లి ఉంది. బరువు మోసే ఒకామెను ఆపి, పట్టీ అంచు తిరగేసి, తెలుగులోనే అడిగింది. "ఇది మగ్గం మీద నేసిందా, చేతితో అల్లిందా?" ఆమె వాళ్ల భాషలో ఏదో చెప్పింది. అమ్మ తల ఊపింది. కొంత దూరం పోయాక నేనడిగాను, ఏమందని.

"చేతితోనే. మోకాలికి కట్టుకుని అల్లుతరట."

"నీకెట్ల తెలిసింది?"

"మోకాలు సూపింది గద."

తర్వాత ఆ పట్టీ వేసుకుని నడుస్తానని పట్టుబట్టింది. బరువు మోసే ఆమె నవ్వుతూ తన బుట్ట తగిలించింది. అమ్మ నాలుగు అడుగులు వేసి మెడ పట్టుకుంది. "వీళ్లు నెత్తితోని నడుస్తరు బిడ్డా, కాళ్లు ఉత్తగనే ఉన్నయి."

రెండో కొండ చంద్రగిరి. దానికి ముందు చిత్‌లాంగ్ అనే ఊళ్లో ఉన్నాం. ఇటుక, చెక్క ఇళ్లు, మెట్లు మెట్లుగా పొలాలు. ఆ పొలాల మీదుగా, ఆకాశంలో ఇనుప తీగకు వేలాడుతూ గోనె సంచులు ఒక్కొక్కటీ కొండ దాటి వెళ్తున్నాయి. అమ్మ చాలాసేపు నిలబడి చూసింది. మనుషులు కాళ్లతో దాటే కొండను సంచులు కూర్చుని దాటుతున్నాయని నేనన్నాను. ఆమె వినలేదు. తీగ ఎక్కడ ముడి వేశారో చూస్తోంది. "మొత్తం ఒక్క పోగేనా? అతుకు లేదా?" అంది. నాకు తెలియదు.

చంద్రగిరి మీద చెట్లకు ఎర్రటి పూలు పూసి ఉన్నాయి. మా వైపు మోదుగు పూసినట్టు. అక్కడినుంచి కింద లోయ కనిపించింది, దాని వెనక మంచుకొండలు. అవి ఎలా ఉన్నాయో రాయడానికి చాలామంది ప్రయత్నించారు, నేను ప్రయత్నించను. అమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా చూసింది. కాసేపటికి, "కండ్లు మండుతలేవు," అంది. ఎవరికి చెబుతోందో నాకు తెలుసు. ఇద్దరం అక్కడ కూర్చుని అటుకులు తిన్నాం.

కాట్మాండు, పాటన్ రెండూ పాత నగరాలు. శివరాత్రి దర్శనం అయింది, జనం విపరీతం. పండుగ తర్వాత యాత్రికులు కొద్ది రోజుల్లో తిరిగి కొండ దాటాలని నియమం. ఆ కొద్ది రోజుల్లో అమ్మ నన్ను గుళ్ల కంటే ఎక్కువగా సందుల్లో తిప్పింది. కంచు పోతపోసేవాళ్లను, చెక్క చెక్కేవాళ్లను చూశాం. వాళ్ల ఆడవాళ్లు నల్లటి మందపు నూలు చీర కడతారు, దానికి ఎర్రటి అంచు. అమ్మ వీధిలో వెళ్తున్నవాళ్ల కొంగు పట్టుకుని చూడబోతే రెండుసార్లు ఆపాను. మూడోసారి ఆపలేకపోయాను. "నూలే," అంది. "చలికి నూలే కడుతున్నరు. పేకను దట్టంగ కొట్టిండ్రు పలకతోని. పొయ్యి పక్కన కూసుంటె సాలు."

తూర్పున బనేపా అనే కొండ ఊరు దాకా నడిచి, తిరిగి వస్తూ భాద్‌గావ్‌లో ఆగాం. కొన్నేళ్ల కింద వచ్చిన పెద్ద భూకంపంలో ఆ ఊరు బాగా దెబ్బతింది. కొన్ని ఇళ్లు కొత్త ఇటుకలతో కట్టారు, కొన్ని ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. నేను పాత రాజభవనం చూద్దామన్నాను. అమ్మ ఒక సందు దగ్గర ఆగి చెవి ఒగ్గింది. లోపల్నుంచి పలక కొడుతున్న చప్పుడు. గద్వాలలో పుట్టినవాడికి ఆ చప్పుడు ఎక్కడైనా తెలుస్తుంది.

సందు చివర ఇటుక పరిచిన ముంగిలి. నేల మీద నిలబెట్టిన కర్ర చట్రం, గుంట లేదు. బల్ల మీద కూర్చుని ఒక ఆడమనిషి నేస్తోంది. అమ్మ వయసే ఉంటుంది. నల్ల బట్ట, ఎర్ర అంచు. పక్క ఇంటి ముంగిట్లో ఇంకొకామె నేస్తోంది. మేడ కిటికీలోంచి ఇంకో మగ్గం చప్పుడు.

"బిడ్డా," అంది అమ్మ నెమ్మదిగా, "ఆడోళ్లే."

ఆ ఇంటామె మమ్మల్ని చూసి నాడె ఆపి తల ఊపింది. అమ్మ దగ్గరకు వెళ్లి నిలబడింది. ఎడమవైపు ఒక పోగు తెగి వేలాడుతోంది. మా వీధిలో నేతవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు తెగిన పోగు కనిపిస్తే, కట్టి ఆ తర్వాతే కూర్చోవాలి. కట్టకుండా కూర్చుంటే అవమానం చేసినట్టు. అమ్మ మామూలుగా వంగి, పోగు కొనను పెదవుల మధ్య పెట్టి తడిపి, రెండు వేళ్లతో మెలిపెట్టి ముడి వేసింది. కళ్లు మూసి తెరిచేంతలో అయిపోయింది.

ఇంటామె గట్టిగా అరిచి లేచింది. పక్క ముంగిలి ఆమె పరుగున వచ్చింది. అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె మొహంలో అలాంటి భయం నేను అంతకుముందు చూడలేదు.

లోపల్నుంచి ఒక ముసలాయన వచ్చాడు, ఆమె మామగారు. చాలాకాలం కలకత్తాలో బట్టల దుకాణంలో ఉన్నాడట, హిందుస్తానీ వచ్చు. విషయం చెప్పాడు. అది మామూలుగా కట్టుకునే బట్ట కాదు. ఇంటి దేవతకు పూజ చేసే రోజున ఇంటి కోడలు కట్టుకోవాల్సింది. దానికి ఎంగిలి తగిలింది.

నేను క్షమించమని అడిగాను. అమ్మ నా చెయ్యి లాగింది.

"ఏమంటున్నడు?"

"దేవుని బట్ట అంట. ఎంగిలి అయిందంటున్నరు."

ఆమె కొంగుతో పెదవులు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "తప్పయింది. మొక్కుత అని చెప్పు. చెప్పి, జర అడుగు. మరి వీళ్లు పోగు ఎట్ల తడుపుతరు?"

"అమ్మా, ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతె ఎప్పుడు? మల్ల ఈడికొస్తనా?"

నేను అడిగాను. ముసలాయన అయోమయంగా కోడలి వైపు తిరిగి అదే అడిగాడు. ఆమె కోపంగానే కాలితో ఒక చిన్న మట్టి గిన్నెను ముందుకు నెట్టింది. నీళ్లు. అమ్మ ఆ గిన్నె చూసి, తల కొట్టుకున్నట్టు నుదురు మీద చెయ్యి పెట్టుకుంది. ఇంటామె మొహం కొంచెం మారింది.

తర్వాత అమ్మ సైగలతోనే బేరం పెట్టింది. తడిసిన పోగు మొత్తం తీసేస్తాను, చేతులు నోరు కడుక్కుంటాను, కొత్త పోగు నీళ్లతో కడతాను. నేను చెప్పిన మాటలు కొన్ని ముసలాయన కోడలికి చేర్చాడు. ఇంటామె ఆలోచించి, చెంబుతో నీళ్లు తెచ్చి అమ్మ చేతుల మీద పోసింది. అమ్మ పుక్కిలించి, మళ్లీ చేతులు చాపింది. ఆమె మళ్లీ పోసింది.

ఎడమ అంచుకు దగ్గరగా ఉన్న ఆ పోగు చేరాలంటే నేసేవాళ్ల బల్ల మీదే కూర్చోవాలి. అమ్మ నిలబడే ప్రయత్నించింది, అందలేదు. ఇంటామె బల్ల మీద చేత్తో తట్టింది, కూర్చోమని. అమ్మ నా వైపు చూసింది. కూర్చుంది.

పోగు మార్చడం తొందరగానే అయింది. ఆ వేళ్ల వేగం చూసి ఇంటామె దగ్గరకు వచ్చి కూర్చుంది. అమ్మ లేవబోయింది. ఇంటామె నాడె ఆమె చేతిలో పెట్టింది.

కుడి చేత్తో అమ్మ నాడె విసిరితే తప్పు పోదు. సరిగ్గా వెళ్లి అటు ఆగింది. అక్కడినుంచి తిప్పి పంపాల్సిన ఎడమ చెయ్యి మాత్రం వెతుక్కుంది. కాళ్లు మరీ అన్యాయం. ఒక తొక్కుడు కర్ర బదులు ఇంకొకటి తొక్కింది, పడుగు తెరుచుకోలేదు, నాడె కింద పడింది. పక్కింటామె పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది.

"ఇన్నేండ్లు సూసిన బిడ్డా. మీ నాయన చేతులే సూసిన. కాళ్లు గుంటల ఉంటయి, కనవడయి."

ఇంటామె తన పాదం తీసి అమ్మ పాదం మీద పెట్టి నొక్కింది. ఇది. తర్వాత అది. మళ్లీ ఇది. ఇద్దరి పాదాలూ ఒకటిగా కదిలాయి. జానెడు బట్ట నేశారు. అది వంకరగా ఉంది. ఇంటామె దాన్ని విప్పేయదని నాకనిపించింది, కానీ తర్వాత విప్పేసిందేమో తెలియదు. దేవుని బట్ట కదా.

అమ్మ నాతో ముసలాయనను అడగమంది, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఎప్పటినుంచి నేస్తున్నారని. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. మా దగ్గర మగవాళ్లు నేస్తారని చెప్పాను. ఆయన ఆ మాట కోడలికి చెప్పగానే ముంగిట్లో ఆడవాళ్లందరూ నవ్వారు. ఒకామె ఏదో అంది.

"మగవాళ్లు మగ్గం మీద కూర్చుంటే పొలం ఎవరు తవ్వుతారు, ఎద్దులా, అని అడుగుతోంది," అన్నాడు ముసలాయన. ఆ లోయలో వాళ్లు నాగలి కట్టరు, పారతోనే తవ్వుతారు. అందుకే వాళ్లకు అది అంత నవ్వు తెప్పించింది.

నేను అమ్మకు చెప్పాను. ఆమె నూలు ముక్కల మూట విప్పి ఇంటామె ముందు పెట్టింది. ఇంటామె ఎరుపు పట్టు తీసుకుంది.

తిరిగి కొండ దిగుతుంటే అమ్మ అడిగింది. "మన దగ్గర ఆడది గుంటల దిగొద్దని ఎవరన్నరు?"

"తెల్వదమ్మా."

"పుస్తకాలల్ల లేదా?"

"నేను సూసిన వాటిల్ల లేదు."

"నీకే తెల్వకపోతె, మీ నాయన నిన్ను బడికి ఎందుకు తోలినట్టు?" అని, మళ్లీ తనే, "ఆయనకు సుత తెల్వదు కావొచ్చు. అడిగేటోడే గద అన్ని," అంది.

గద్వాల చేరిన మరునాడు పొద్దున లేచేసరికి అమ్మ స్నానం చేసి, మగ్గం మీది దుప్పటి దులిపి మడిచింది. గుంట అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వదిలింది. నన్ను కుడి పక్కన కూర్చోమంది. నేను మూడుసార్లు నాడె వేశాను, మూడుసార్లూ అంచు పోగులు తెగాయి. "లెయ్," అంది. "పంతులు చేతులు."

చిన్నాయన వచ్చింది అప్పుడే. గడపలోనే ఆగిపోయాడు.

"వదినె! ఏంది ఇది? బయటికి రా ముందు."

"రాను. ఆ కుడి దిక్కు కూసో."

"నేనా? ఆడోళ్ల జాగల?"

"నేను కాపురానికి రాకముందు మీ అన్న పక్కన ఆ జాగల కూసున్నది ఎవరు? నువ్వే గద. మీ అన్న చెప్పిండు. పట్టు తెంపి తన్నులు తిన్నవట."

చిన్నాయన నా వైపు చూశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"దించినోళ్లదే మగ్గం. ఎరుకేనా నీకు వదినె?"

"ఎరుకే. ఎరుకయ్యే కూసున్న."

"వీధిల అడిగితె నేనేం చెప్పాలె?"

"నేపాళంల ఆడోళ్లే నేస్తరని చెప్పు. పోయి సూసి రమ్మను."

"నేపాళంల మొగోళ్లేం జేస్తరు మరి?"

"పారతోని పొలం తవ్వుతరు. నీకు పొలం లేదు గద. కూసో."

ఆయన నవ్వు ఆపుకోవడానికి చూశాడు, ఆపుకోలేకపోయాడు. కానీ వెంటనే కూర్చోలేదు. ముంగిలి దాకా వెళ్లి అటూ ఇటూ చూసి వచ్చాడు.

"తలుపు దగ్గరికేసుకో, సిగ్గయితె," అంది అమ్మ.

వేసుకున్నాడు. చీకట్లో నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. మొదటి పేకలు అమ్మ సరిగ్గా కొట్టలేదు. నాయన నేసిన చోటు తర్వాత బట్ట పలచగా, కొంచెం వదులుగా వచ్చింది. వేలితో తాకితే తెలుస్తుంది. చిన్నాయన చూశాడు గానీ విప్పమనలేదు. "పలక గట్టిగ గుంజు వదినె," అన్నాడంతే.

నేను వనపర్తి వెళ్లిపోయాను. పై వారం సెలవు దొరికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుంటున్నారు. కొంగు ఎక్కడినుంచి మొదలుపెట్టాలన్న దాని గురించి.